పాత సైకిలుకు న్యాయమైన ధర కట్టడం ఎలా?

లాభనష్టాల పాఠంలో సైకిలు కనిపించని లెక్కల పుస్తకం అరుదు. "ఒక వ్యాపారి ఒక సైకిలును ఇంతకు కొని, ఇంత శాతం లాభానికి అమ్మిన..." అంటూ మొదలయ్యే లెక్కలను మేము ఇరవై ఏడేళ్ళుగా పిల్లల చేత చేయిస్తున్నాం. ఆ లెక్కలో కొన్నవెల ముందే ఇచ్చి ఉంటుంది. బడి గేటు దాటాక మాత్రం దాన్ని ఎవరూ ఇవ్వరు. మనమే కట్టుకోవాలి.

దసరా సెలవులు అయిన వారం ఎనిమిదో తరగతి అమ్మాయి వాళ్ళమ్మ స్టాఫ్‌రూంకు వచ్చింది. ఇంట్లో మగదిక్కు లేదు. మిషను కుట్టి, ఇళ్ళలో పనిచేసి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. వాళ్ళుండే కాలనీ నుంచి బడికి నాలుగు కిలోమీటర్లు. ఇన్నాళ్ళూ తోడు వచ్చిన పిల్ల కుటుంబం ఊరు మారింది. ఒంటరిగా అంత దూరం నడిపించడానికి తల్లికి మనసొప్పడం లేదు. సైకిలు దొరక్కపోతే బడి మానిపిస్తానని ఆమె అనలేదు. కానీ అలాంటి మాట రాబోయే ముందు తల్లుల ముఖం ఎలా ఉంటుందో మాకు తెలుసు.

"సార్, మా వీధిలో టైలర్ చాచా తన సైకిలు వెయ్యి రూపాయలకు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?" అని అడిగింది. ఆయన మోకాళ్ళ నొప్పులతో ఎక్కడం దిగడం సులువని నాలుగేళ్ళ క్రితం లేడీస్ సైకిలు కొనుక్కున్నారట. ఇప్పుడు అదీ తొక్కలేక, మందులకు డబ్బు కావలసి అమ్మేస్తున్నారట. మొదట రెండున్నర వేలు చెప్పారు. ఎవరో వచ్చి వెయ్యికి మించి పైసా ఇవ్వనన్నారు. ఆ మాటతో ఆయన కూడా వెయ్యికే దిగిపోయారు.

వెంటనే "తీసుకోమ్మా" అనేవాళ్ళమే. కానీ అంతకు రెండేళ్ళ ముందు ఒక పిల్లవాడి తండ్రికి ఇలాగే చవకగా వస్తోందని చెప్పి ఒక సైకిలు కొనిపించాం. పైకి కొత్త రంగుతో మెరుస్తోంది. నెల తిరక్కుండా ముందు ఫోర్కు దగ్గర అతుకు విడిపోయి పిల్లవాడు కింద పడ్డాడు. మోచేయి చర్మం లేచిపోయింది, పది రోజులు బడి పోయింది, డబ్బూ పోయింది. శాతాలు చెప్పే మాస్టర్లకు సైకిలు చూడటం రాదని ఆ రోజు తెలిసింది. ఆ తరువాత మా వీధి చివర సైకిల్ షాపు భాయ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ, దానికి మా లెక్క జోడించి ఈ రెండేళ్ళుగా పాటిస్తున్నదీ ఇక్కడ రాస్తున్నాం. పిల్లల కోసం పాత సైకిలు కొనే దాతలకూ, ఇంట్లో మూలన పడ్డ సైకిలు అమ్మదలచినవారికీ ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఈ రోజు కొత్త ధర తెలుసుకోవడం

లెక్క ఈ రోజు కొత్తదాని ధరతో మొదలవ్వాలి. అమ్మేవారి పాత బిల్లుతో కాదు. అదే తరహా, అదే సైజు కొత్త సైకిలు బిగింపు, స్టాండు, తాళం, బెల్లు అన్నీ కలిపి చేతికి ఎంతకు వస్తుందో రెండు దుకాణాల్లో అడగాలి.

ఈ మధ్య ఇది మరీ అవసరమైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు రూ. 5,000 ఉన్న సైకిలు అంతకు ముందు రూ. 5,600 అయ్యేది, ఇప్పుడు రూ. 5,250 అవుతుంది. అందుకే పాత బిల్లు పట్టుకుని "ఇంతకు కొన్నాను" అనేవారిది అబద్ధం కాదు గానీ, లెక్కకు పనికొచ్చే అంకె మాత్రం అది కాదు.

రెండో మెట్టు: వయసుకు తరుగుదల

కొత్త సైకిలు దుకాణం గుమ్మం దాటగానే పాతదైపోతుంది. మేము మొదటి ఏడాదికి కొత్త ధరలో 30 శాతం, ఆ తరువాత ఏడాదికి 10 శాతం చొప్పున తీసేస్తాం. ఎంత పాతదైనా ఫ్రేము, ఫోర్కు గట్టిగా ఉంటే కొత్త ధరలో నాలుగో వంతుకు తగ్గించం. ఇది ప్రభుత్వం పెట్టిన సూత్రం కాదు, మేము పెట్టుకున్న కొలబద్ద. అయితే అమ్మేవారికీ కొనేవారికీ ఒకే కొలబద్ద వాడుతున్నాం కాబట్టి మాకు తృప్తిగా ఉంది.

ఇలా వచ్చిన అంకె, ఆ వయసు సైకిలు మంచి స్థితిలో ఉంటే పలకవలసిన ధర. స్థితి ఎలా ఉందన్నది ఇంకా చూడాలి.

తరహాను బట్టి కొంచెం తేడా ఉంటుంది. పాలవాళ్ళు, పోస్టుమాన్లు తొక్కిన నల్ల సైకిలు తరహాకు ఏ ఊళ్ళోనైనా సామాను దొరుకుతుంది, ఏ కంపెనీ బండికైనా చాలా భాగాలు ఒకటే సరిపోతాయి. అట్లాస్ కంపెనీ 2020 జూన్‌లో సాహిబాబాద్ ఫ్యాక్టరీ ఆపేసినప్పుడు ఇక ఆ సైకిళ్ళకు విలువ ఉండదని కొందరు భయపడ్డారు. నల్ల సైకిలు విషయంలో ఆ భయం అక్కర్లేదు. గేర్లు, స్ప్రింగు ఫోర్కులు ఉన్న చవకరకం సైకిళ్ళు అలా కాదు. గేరు పాడైతే చిన్న ఊళ్ళలో బాగుచేసేవారు తక్కువ. వాటికి తరుగుదల ఎక్కువ వేసుకోవాలి.

మూడో మెట్టు: సైకిలును చూడటం

పగటి వెలుతురులో చూడాలి, వీలైతే మెకానిక్‌ను తోడు తీసుకెళ్ళాలి. మెరుపును చూసి మోసపోకూడదు. కొత్తగా రంగు వేసిన పాత సైకిలును ఇంకా జాగ్రత్తగా చూడాలి. రంగు కింద ఏముందో మాకు అనుభవమే.

ముందు ఫ్రేము. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట, సీటు కింద, పెడల్ ఇరుసు దగ్గర అతుకులను వేలితో తడిమి చూడాలి. రంగు ముడత పడినా, వెంట్రుకలాంటి గీత ఉన్నా అక్కడ లోహం లొంగినట్టే. పక్కనుంచి చూస్తే ఫోర్కు వెనక్కి వంగి కనిపిస్తే బండి దేన్నో గుద్దుకుంది. ఫ్రేముకో ఫోర్కుకో వెల్డింగు వేసిన సైకిలును పిల్లల కోసం ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. దానికి ధర కట్టనే కూడదు.

తరువాత చక్రాలు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పితే, రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా పోతుంటే బెండు ఉంది. కొద్దిపాటి బెండు పుల్లలు బిగించి తీయవచ్చు. పుల్లలను రెండేసి చొప్పున నొక్కితే వదులుగా ఉన్నవీ, విరిగినవీ బయటపడతాయి. టైరు పక్కభాగంలో బీటలు ఉంటే ఎండకు రబ్బరు ఎండిపోయిందన్నమాట. పైన కాడలు ఎంత బాగున్నా అది ఎక్కువ కాలం రాదు.

చైనుకు మంచి పరీక్ష ఉంది. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు చిన్నది, పన్నెండు అంగుళాల స్కేలు కావాలి. సైకిలు చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం సరిగ్గా అరంగుళం. కాబట్టి ఇరవై నాలుగు మడతలకు పన్నెండు అంగుళాలు రావాలి. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెడితే పన్నెండో అంగుళం మీద మరో పిన్ను మధ్య పడాలి. అది అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటిందంటే పళ్ళచక్రం, ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగి ఉంటాయి. అప్పుడు చైను ఒక్కటే మారిస్తే కొత్త చైను పాత పళ్ళ మీద జారుతుంది.

పెడల్ కడ్డీని పట్టుకుని అడ్డంగా ఊపితే లొడలొడలాడకూడదు. ఆడితే లోపల గోలీలు, కప్పులు చూడాలి. మాలాంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. గుడ్డతో తుడిస్తే పోయే తుప్పుకు ధర తగ్గించమనడం న్యాయం కాదు. గోటితో గీకితే పొరలుగా ఊడే తుప్పు వేరు. మడ్‌గార్డుకైతే పరవాలేదు, రిమ్ముకో ఫ్రేముకో ఉంటే వదిలేయడమే మేలు.

చివరగా బిడ్డను ఎక్కించి చూడాలి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళైనా నేలకు ఆనాలి. సైజు సరిపోని సైకిలు ఎంత మంచిదైనా, ఎంత చవకైనా ఆ బిడ్డది కాదు.

నాలుగో మెట్టు: మరమ్మతు ఖర్చును పంచుకోవడం

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కొనేవారు మరమ్మతు ఖర్చంతా ధరలోంచి తీసేయమంటారు. అమ్మేవారు పాతదన్నాక రిపేరు ఉండదా అంటారు. రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది.

వయసుకు తరుగుదల ఒకసారి తీసేశాం. టైరు, చైను, బ్రేకు రబ్బర్లు వాడకంలో అరిగే వస్తువులు. వాటిని కొత్తవి వేయిస్తే రాబోయే రెండు మూడేళ్ళు ఆ సుఖం కొనేవారిదే. వాటి ఖర్చంతా అమ్మేవారి మీద వేస్తే ఒకే అరుగుదలను రెండుసార్లు వసూలు చేసినట్టు అవుతుంది. అందుకని అరిగే వస్తువుల ఖర్చులో సగమే తీసేస్తాం. మనవాళ్ళు ఓవరాయిలింగ్ అనే పూర్తి సర్వీసింగుకూ అంతే. రిమ్ము బెండు, విరిగిన పుల్లలు, వంగిన పెడల్ కడ్డీ లాంటివి దెబ్బలు. అవి అమ్మేవారి చేతిలో జరిగాయి కాబట్టి వాటి ఖర్చు పూర్తిగా తీసేస్తాం.

ఆ టైలర్ చాచా సైకిలు లెక్క ఇది.

అదే తరహా కొత్త సైకిలు ధర: రూ. 5,200
నాలుగేళ్ళకు తరుగుదల 60 శాతం: రూ. 3,120
మంచి స్థితిలో ఉంటే పలకవలసిన ధర: రూ. 2,080

వెనక టైరు రూ. 350, అందులో సగం: రూ. 175
బ్రేకు రబ్బర్లు రూ. 80, అందులో సగం: రూ. 40
చైను, ఫ్రీవీలు రూ. 400, అందులో సగం: రూ. 200
ఓవరాయిలింగ్ రూ. 250, అందులో సగం: రూ. 125
రిమ్ము బెండు, నాలుగు పుల్లలు, పూర్తిగా: రూ. 120
తీసేయవలసిన మొత్తం: రూ. 660

న్యాయమైన ధర: రూ. 1,420

ఒకసారి సరిచూసుకోవడానికి మరో చిన్న లెక్క చేస్తాం. సైకిలు ధర, మరమ్మతు ఖర్చు మొత్తం కలిపి కొత్తదాని ధరలో 60 శాతం దాటకూడదు. దాటితే పాతది కొనడం కంటే ఇంకొన్నాళ్ళు ఆగి కొత్తది కొనడం మేలు. ఇక్కడ 1,420కి మరమ్మతులు 1,200 కలిపితే 2,620 అవుతుంది. అంటే కొత్త ధరలో సుమారు సగం. కాబట్టి ఈ సైకిలు కొనదగినదే.

ఐదో మెట్టు: కాగితం

ఫ్రేము మీద నంబరు చెక్కి ఉంటుంది. సీటు కింది గొట్టం మీదో, పెడల్ ఇరుసు అడుగునో వెతకాలి. దాన్ని గీకేసి ఉంటే ఆ సైకిలు వైపు చూడవద్దు. దొంగసొత్తని తెలిసీ, నమ్మడానికి కారణం ఉండీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లు లేకపోయినా ఒక తెల్లకాగితం మీద ఫ్రేము నంబరు, తేదీ, ధర, చెప్పిన లోపాలు రాసి ఇద్దరూ సంతకాలు చేసుకుంటే తరువాత మాట పట్టింపులు రావు.

లోపాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పడం అమ్మేవారి బాధ్యత. అయితే కొనేవారికీ ఒక బాధ్యత ఉంది. లేని లోపాలు ఎత్తిచూపి ధర దించకూడదు. కొలతల్లో మోసం చేసేవారి గురించి ఖుర్ఆన్‌లో అల్ ముతఫ్ఫిఫీన్ అనే సూరా ఉన్న సంగతి మనకు తెలిసిందే. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని అది హెచ్చరిస్తుంది. పాత సైకిలు అమ్మేటప్పుడు ఒక లెక్క, కొనేటప్పుడు ఇంకో లెక్క చేసే మనకు ఆ హెచ్చరిక దూరమైనది కాదు.

వెయ్యికీ పద్నాలుగు వందల ఇరవైకీ మధ్య

లెక్క చూపించగానే ఆ తల్లి ముఖం వాడిపోయింది. "ఆయనే వెయ్యి అంటుంటే మీరెందుకు సార్ పెంచుతారు? నా దగ్గర రిపేరుకు కూడా కలిపి ఇరవై రెండు వందలే ఉన్నాయి" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆమె అడిగినదాంట్లో అత్యాశ లేదు. వెయ్యి సైకిలుకు, పన్నెండు వందలు మరమ్మతుకు, రూపాయి రూపాయి లెక్కపెట్టుకునే వచ్చింది. మేము కట్టిన ధరతో సరిగ్గా నాలుగు వందల ఇరవై తక్కువైంది. పక్క కుర్చీలోంచి మా సహోపాధ్యాయుడొకరు "మంచి అంకెకే తేల్చారు మాస్టారూ" అని నవ్వాడు. మేమూ నవ్వాం గానీ మనసులో అది ముల్లులా గుచ్చుకుంది.

ఎందుకంటే ఆ నాలుగు వందల ఇరవై ఎవరో ఒకరు భరించాలి. వెయ్యికి కొంటే ఆ డబ్బు ఎవరిచ్చినట్టు? మోకాళ్ళు పట్టేసి, మిషను తొక్కలేక, మందుల కోసం సైకిలు అమ్ముకుంటున్న ముసలాయన ఇచ్చినట్టు. ఆయన ఇస్తానని అనలేదు. గత్యంతరం లేక దిగిపోయారు. అలా పోయిన డబ్బుకు రసీదు ఉండదు, ఇచ్చినవారి పేరూ ఉండదు. ఒక పేద ఇంటికి సాయం చేశామని మేము అనుకుంటాం, నిజానికి ఆ సాయం మరో పేద ఇంటి నుంచి తీసుకున్నాం.

ఆ రోజు మాకు అర్థమైంది ఇదే. ధర వేరు, సాయం వేరు. ధర సైకిలును చూసి కట్టాలి. అమ్మేవారి అవసరం చూసి దించకూడదు, కొనేవారి జాలి చూసి ఎక్కించకూడదు. ఎవరికైనా సాయం చేయాలనుకుంటే ధర తేలాక, విడిగా, తెలిసి చేయాలి.

సాయంత్రం ఒక మిత్రుడికి ఫోను చేసి విషయం చెప్పాం. ఆయన పేరు రాయవద్దన్నారు. తక్కువైన నాలుగు వందల ఇరవై పంపించారు. టైలర్ చాచాకు 1,420 చేతిలో పెడితే ఆయన లెక్క కాగితం అడిగి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. "టైరు సంగతి నేనే చెప్పాలి, మరిచిపోయాను. ముందుది కూడా ఆరునెలల కంటే రాదు" అన్నారు. తన మీద న్యాయంగా లెక్క వేశారని తెలిసినప్పుడు మనిషి తన లోపాన్ని తానే చెబుతాడు. అమ్మాయి ఇప్పుడు మొదటి గంట కొట్టే లోపే వచ్చేస్తోంది.

దాతలకు మా మనవి రెండు మాటలు. పాత సైకిలుకు డబ్బిచ్చేటప్పుడు మరమ్మతు ఖర్చు కూడా కలిపి ఇవ్వండి. బ్రేకు పట్టని సైకిలు సాయం కాదు, ప్రమాదం. "ఎంతకు దించారు?" అని అడగవద్దు, "లెక్క ఎలా వచ్చింది?" అని అడగండి. మీ ఇంట్లో పిల్లలు ఎదిగిపోయి మూలన పెట్టిన సైకిలు ఉంటే టైర్లు ఎండిపోకముందే బయటికి తీయండి. గాలిలేని టైరు మీద నిలబెట్టి ఉంచితే ప్రతి ఎండాకాలం దాని విలువను కొంచెం కొంచెం తినేస్తుంది.

పైన ఇచ్చిన అంకెలు ఒక ఊరివి, ఒక సైకిలువి. మీ ఊళ్ళో కొత్త ధర, మెకానిక్ చార్జీలు అడిగి మీ అంకెలు వేసుకోండి. మెట్లు మాత్రం ఇవే. పన్నెండు అంగుళాల స్కేలు, ఒక తెల్లకాగితం, అరగంట ఓపిక ఉంటే చాలు.